శనివారం తప్పకూడదు

కొబ్బరి డొక్కలు ఇంకో నాలుగు వెయ్యండర్రా, మంట నిలబడుతుంది. పసిపిల్లలు పడుకున్నారుగా, ఇక తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. ఏవన్నావురా ఇందాక? బెంగుళూరులో నువ్వూ నీ స్నేహితులూ కలిసి నెలనెలా ఆఫ్రికా పాటల రాత్రి పెడుతున్నారా? మొదటిసారి హాలు పట్టనంత మంది వచ్చారు, రెండోసారి సగమయ్యారు, మూడోసారి మీరూ మీ గదిలో వాళ్ళేనా మిగిలింది? నవ్వకండర్రా వాణ్ణి చూసి. ఒకసారి వచ్చినవాడు మళ్ళీ ఎందుకు రావాలి అని అడుగుతున్నాడు, మంచి ప్రశ్నే. దానికి జవాబు నేను దారెస్సలాంలో నేర్చుకున్నాను. ఏవిటే అమ్మాయ్, మీ తాత డాన్సు హాల్లో కూచున్నాడంటే నమ్మకం కుదరట్లేదా? మీ నాయనమ్మనడుగు, ఆవిడా వచ్చేది.

నేనక్కడికి లెక్కల ఉద్యోగానికి వెళ్ళాను. దారెస్సలాం ఉన్న దేశానికి 1961లో స్వాతంత్ర్యం వచ్చింది, 1964లో అది జాంజిబార్‌తో కలిసి టాంజానియా అయింది. 1967లో అరూషా ప్రకటన చేశాక అధ్యక్షుడు న్యెరెరే గారు బ్యాంకులూ పెద్ద కంపెనీలూ ప్రభుత్వం చేతిలోకి తీసుకున్నారు. ఎక్కడ చూసినా ప్రభుత్వ సంస్థలే. లెక్కలు చూసేవాళ్ళు చాలక మనలాంటి వాళ్ళని కాంట్రాక్టు మీద పిలిపించుకునేవారు. అలా వెళ్ళినవాళ్ళలో టీచర్లున్నారు, డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు. మన వైపు వాళ్ళు తక్కువే గాని లేకపోలేదు.

మా సంస్థకి ఓ క్లబ్బుండేది. గాజు తలుపులూ చల్లటి గాలీ అనుకునేరు. రేకుల కప్పు, మూడు వైపులా నడుమెత్తు గోడ, ఎర్ర సిమెంటు నేల, ముందు మామిడిచెట్టు. ఓ మూల బీరు కౌంటరు, వెనక వంటపాక. పగటిపూట అందులోనే యూనియన్ మీటింగులు, పెళ్ళి విందులు, ఎవరైనా పోతే చందాలు పోగెయ్యడాలు. శనివారం రాత్రి మాత్రం డాన్సి. డాన్సి అంటే పెద్ద బ్యాండు ఎదురుగా నిలబడి వాయిస్తుంటే జనం ఆడే ఆట. క్లబ్బు సెక్రటరీ మా సెక్షన్‌లోనే ఉండేవాడు, వయసులో నాకంటే బాగా పెద్ద, అందరూ ఆయన్ని మ్జే, అంటే పెద్దాయన, అని పిలిచేవారు. నేను తాగననీ, అర్ధరాత్రయినా లెక్క తప్పననీ ఆయన కనిపెట్టాడు. ఓ శుక్రవారం ఫైలు మీద సంతకం పెట్టించుకుంటూ, "రేపు రాత్రి డబ్బుపెట్టె దగ్గర నువ్వే" అన్నాడు. నా ఇష్టం అడగలేదు. ఆయన చెప్పాడు, నేను వెళ్ళాను, అంతే. మళ్ళీ ఆ దేశం వదిలేదాకా ఆ పెట్టె నన్ను వదల్లేదు.

ముందు ఆ బ్యాండ్ల సంగతి వినండి, మీకు వింతగా ఉంటుంది. చాలా బ్యాండ్లు వాయించేవాళ్ళ సొంతం కావు. కార్మిక సంఘం 1964లో ఓ బ్యాండు పెట్టింది, దాని పేరు నూటా జాజ్. 1977 ప్రాంతంలో సంఘం పేరు జువాటా అయితే బ్యాండూ జువాటా జాజ్ అయిపోయింది. పోలీసులకో బ్యాండు, సైన్యానికో బ్యాండు, పార్టీ యువజన సంఘానికో బ్యాండు. 1978లో మ్లిమానీ పార్క్ ఆర్కెస్ట్రా పుట్టినప్పుడు దాన్ని టాక్సీలూ రవాణా చూసుకునే ఓ సంస్థ నడిపింది, తర్వాత ఊరి అభివృద్ధి సంస్థ డీడీసీ తీసుకుంది. గిటార్లు, ట్రంపెట్లు, ఆంప్లిఫయర్లు, వ్యాను అన్నీ సంస్థవే. వాయించేవాడికి నెల జీతం. పగలు సాధన, రాత్రి వాయింపు, సెలవు కావాలంటే అర్జీ. నెల జీతం మీద సంగీతమేవిటని నేనూ మొదట ఆశ్చర్యపోయాను. వినగా వినగా తెలిసింది. అదే మనుషులు ఏళ్ళ తరబడి ఒకే గదిలో కూచుని సాధన చేస్తే ఏమవుతుందో ఆ గిటార్లలో వినపడేది. ఒకడు సోలో, ఇంకొకడు దానికి జవాబు, మూడోవాడు లయ, కింద బేసు. నలుగురూ వాయిస్తుంటే ఒక్కటే పెద్ద గిటారుకి ఎనిమిది చేతులున్నాయా అనిపించేది. జీతం చిన్నదే, గొడవలూ ఉండేవి. 1985లో ఓ వ్యాపారస్థుడు ఎక్కువ డబ్బిస్తానని మ్లిమానీ పార్క్‌లోంచి ముఖ్యమైన వాళ్ళని తన ఇంటర్నేషనల్ ఆర్కెస్ట్రా సఫారీ సౌండ్‌లోకి లాక్కుపోయాడు. ఊరంతా వారాల తరబడి అదే మాట. అయినా పాత బ్యాండు మూతపడలేదు. కొత్తవాళ్ళు వచ్చారు, శనివారాలు సాగాయి.

డబ్బు లెక్క చెప్తాను, నీకు పనికొస్తుంది. గేటు బ్యాండుది, సీసా క్లబ్బుది. టిక్కెట్టు మీద వచ్చిన ప్రతి షిల్లింగూ బ్యాండు ఖాతాకి, బీరు మీదా మాంసం మీదా వచ్చింది మా ఖాతాకి. అందుకని గేటు దగ్గర ఇద్దరు కూచునేవారు. టిక్కెట్టు చింపేది బ్యాండు మనిషి, చేతి మీద రబ్బరు ముద్ర వేసేది మా మనిషి. ముద్రల్లేని చేతులు లోపల కనిపిస్తే బ్యాండు మనిషికి కోపం, టిక్కెట్టు కొన్నవాడు సీసా కొనకపోతే నాకు దిగులు. ఈ పద్ధతిలో ఓ గొప్పతనముంది చూశావా? జనం నిండాలని బ్యాండుకి ఉంటుంది, వచ్చిన జనం నిలవాలని క్లబ్బుకి ఉంటుంది. ఒకడు నష్టపోతే ఇంకొకడు బాగుపడే వీల్లేదు. మీరు డీజేకి ముందే పెద్ద మొత్తం ఇచ్చేసి, హాలువాడికి అద్దె కట్టేసి, మిగిలింది పంచుకుందామనుకుంటే వాళ్ళిద్దరికీ జనం వస్తేనేం, రాకపోతేనేం?

ఇక కరువు రోజుల మాట. 1978 అక్టోబరులో పక్కనున్న ఉగాండా నుంచి ఇదీ అమీన్ సైన్యం మా వైపు కగేరాలోకి వచ్చింది. మళ్ళీ ఏప్రిల్ కల్లా టాంజానియా సైన్యం వాళ్ళ రాజధాని కంపాలా చేరింది గాని ఆ యుద్ధం ఖర్చు దేశం నడ్డి విరగ్గొట్టింది. దానిపైన చమురు ధర. సబ్బు లేదు, పంచదార లేదు, ఉంటే చాంతాడంత క్యూ. బీరూ అంతే. ఖాళీ సీసాలు పెట్టెడు తిరిగి ఇస్తేనే నిండు పెట్టె ఇచ్చేవారు, డబ్బున్నా సీసాలు లేకపోతే సరుకు లేదు. అందుకని శనివారం రాత్రి నా అసలు పని డబ్బు లెక్కపెట్టడం కన్నా సీసాలు లెక్కపెట్టడం. ఆట మధ్యలో కుర్రాడొకడు బల్లల కింద దూరి ఖాళీలు ఏరుకొచ్చేవాడు. ఎవడైనా మంచి ఊపులో సీసా చేత్తో పట్టుకుని గేటు దాటబోతే ముద్ర వేసే మనిషి చెయ్యి చాచేవాడు, వాడు నవ్వి ఇచ్చేసేవాడు. రెండు సీసాలు పగిలితే వచ్చేవారం ఇద్దరు దాహంతో ఆడాలని వాడికీ తెలుసు.

గిటారు తీగలకీ అదే గతి. 1977లో కెన్యాతో సరిహద్దు మూసేశారు, 1983 దాకా తెరవలేదు. నైరోబీ నుంచి రావలసినవి రావు. ఓ సాయంత్రం నేను ముందుగా వెళ్ళి వంటపాకలోకి తొంగిచూస్తే, వంట చేసే మామా, వాళ్ళ భాషలో అమ్మన్నమాట, ఓ గిన్నెలో ఏదో మరిగిస్తోంది. సేమ్యాలా చుట్టలు చుట్టలుగా ఉంది గాని నల్లగా మెరుస్తోంది. పక్కనే బేసు వాయించే ఆయన పీట మీద కూచుని గిన్నెలోకే చూస్తున్నాడు. బేసు తీగలు! చెమటా మురికీ పట్టి చప్పబడిపోయిన తీగల్ని నీళ్ళలో మరిగిస్తే జిడ్డు వదిలి మళ్ళీ గణగణమంటాయిట. ఓ పుల్లతో తీసి, గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, ఒక్కొక్కటీ బిగించి మోగించాడు. మామా తల పంకించి, "ఇక గిన్నె కడిగిచ్చిపో, కూర పెట్టాలి" అంది. అంత పెద్ద వాద్యగాడు బుద్ధిగా బూడిదతో గిన్నె తోమిచ్చాడు.

తుంబా డోళ్ళ మాటా చెప్పాలి. సముద్రం ఒడ్డు, గాలినిండా చెమ్మ, తోలు సాయంత్రానికి సడలిపోయేది. పాత వార్తాపత్రికలు నాలుగు మండించి ఆ సెగకి తోలు చూపించేవాడు వాయించేవాడు. తిప్పుతూ, వేలి కొసతో తట్టి వింటూ, ఇంకాస్త తిప్పుతూ. మన డప్పు కాచినట్టేరా, రవ్వంత తేడా లేదు. రేపు భోగిమంట దగ్గర డప్పులవాళ్ళని చూడండి, ఆ చెవి ఒగ్గడం అక్కడ చూసిందే.

రాత్రి ఎలా నడిచేదో చెప్తాను. ఎనిమిదింటికి వాద్యాలు మొదలు, పాట ఉండదు, మెల్లగా సాగే వరసలు. అప్పుడు వచ్చేది పెద్దవాళ్ళు, మొగుడూ పెళ్ళాలు. ఆడవాళ్ళు ఒకే అచ్చు కాంగాలు కట్టుకుని నలుగురైదుగురు కలిసి వచ్చేవారు. కాంగా తెలుసుగా, జత గుడ్డ, అంచు మీద ఓ సామెత అచ్చేసి ఉంటుంది. పక్కింటావిడతో పేచీ ఉంటే దానికి తగ్గ సామెత చూసి కట్టుకొచ్చేవారు, నోరు విప్పక్కర్లేదు. తొమ్మిదిన్నరకి పాటగాళ్ళు ముగ్గురో నలుగురో ముందుకొచ్చేవారు. పదింటికి కుర్రకారు. పదకొండింటికి నేల కనిపించేది కాదు. పెద్దవాళ్ళ కుర్చీలు గోడ వెంట ఉండేవి, అవి ఎవరూ తియ్యకూడదు, అది మ్జే పెట్టిన నియమం. "కూచోడానికి చోటున్న ముసలమ్మ ఇంటికి తొందరగా పోదు, ముసలమ్మ ఉన్నచోట తాగుబోతు తిన్నగా ఉంటాడు" అనేవాడు. పోలీసుని పెట్టే ఖర్చు మాకెప్పుడూ లేదు.

ఒక్కో పాట పావుగంట దాకా సాగేది. మొదటి సగం కథ. అప్పు తీర్చనివాడు, పట్నం వచ్చి తల్లిని మరిచిన కొడుకు, సవతి పోరు, పైవాడి జులుం, చావు. పెద్దల మీద విమర్శ ఉంటే తిన్నగా అనరు, ఏ పక్షి మీదో జంతువు మీదో పెట్టి పాడతారు, వినేవాడు నవ్వుకుంటాడు. అప్పుడు జంటలు జంటలుగా నింపాదిగా ఆడతారు. తర్వాత పాట ఆగిపోయి గిటార్లు పైకొస్తాయి, ట్రంపెట్లు అందుకుంటాయి, లయ మారుతుంది. దాన్ని చెమ్కో అంటారు. జంటలు విడిపోయి అందరూ వరసలు కడతారు. భుజాలు కదలవు, మొహంలో ఏ తొందరా ఉండదు, పనంతా నడుముదే. నన్ను లాక్కుపోయి నేర్పబోయిన ఓ సహోద్యోగి ఒకే మాట చెప్పాడు: "పరుగెత్తకు, పాట నీ దగ్గరికే వస్తుంది." పాటలో కథ ఎవరికైనా తగిలిందనుకో, వాళ్ళు ఆడుతూ ఆడుతూ ముందుకెళ్ళి పాటగాడి నుదుటి మీద నోటు అంటించి వచ్చేవారు. ఓసారి అప్పు పాటకి ఒకడు అలా వెళ్ళి అంటిస్తే, వాడికి అప్పిచ్చినవాడు వెనకనుంచి "ముందు నాది!" అని అరిచాడు. హాలు హాలంతా గొల్లుమంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నా. ఆ దేశంలో రికార్డులు నొక్కే ఫ్యాక్టరీ లేదు. రికార్డు కావాలంటే నైరోబీ పోవాలి, సరిహద్దు మూశాక ఆ దారీ పోయింది. రేడియో టాంజానియా వాళ్ళు బ్యాండుని స్టూడియోకి పిలిచి టేపు మీద ఎక్కించుకునేవారు, అది వాళ్ళు వేసినప్పుడే వినాలి. దుకాణంలో కొనడానికి పాట లేదు! మరి పాట ఎక్కడ ఉంటుంది? శనివారం రాత్రి హాల్లో ఉంటుంది. కొత్త పాట కట్టగానే మా ఎదుట పాడేవారు. జనం కుర్చీల్లోంచి లేవలేదా, మళ్ళీ సాధనకి పట్టుకెళ్ళేవారు. వచ్చేవారానికి ట్రంపెట్ ముక్క మారేది, ఓ చరణం పోయేది. నాలుగు వారాలకి జనం కూడా పాడుతుండేవారు. రేడియోకి వెళ్ళేసరికి ఆ పాటని మా నేల మీద కాళ్ళు సానబట్టేశాయన్నమాట. ఓ శనివారం రానివాడికి ఓ మెట్టు తప్పిపోయినట్టే. పాట ఎంతవరకు వచ్చిందో చూడాలి, ఆ గిటారాయన ఈసారి చివర్లో ఏం చేస్తాడో వినాలి, కిందటివారం అలిగి వెళ్ళినవాడు వచ్చాడో లేదో తెలుసుకోవాలి. జనం మళ్ళీ మళ్ళీ వచ్చింది అందుకురా. ప్రతివారం కొత్తగా ఉండాలని మీరు తాపత్రయపడుతున్నారు. వాళ్ళు పాతదే చేసేవారు, అది పెరుగుతూ ఉండేది.

ప్రతి బ్యాండుకీ ఓ ఆట పేరు. మ్లిమానీ పార్క్‌ది సికిండే, ఆ తీరంలో ఉండే జరామో వాళ్ళ పాత డోలు ఆట పేరది. జువాటాది మ్సోండో. కాంగో నుంచి వచ్చి స్థిరపడిన మాకీ ఆర్కెస్ట్రాది కమన్యోలా. అభిమానులు బ్యాండు పేరు మానేసి ఆట పేరే వాడేవారు, "నువ్వు సికిండేనా మ్సోండోనా?" అని. సింబా, యంగా అని రెండు ఫుట్‌బాల్ జట్లున్నాయి, ఆ ఊరు వాటి పేరు చెప్పి రెండుగా చీలుతుంది. ఇదీ అలాంటిదే. ముహిద్దీన్ మాలిమ్ గురుమో అని గొప్ప గాయకుడు, నూటా నుంచి మ్లిమానీకి, అక్కణ్ణించి సఫారీ సౌండ్‌కి, మళ్ళీ పాత గూటికి తిరిగాడు. తిరిగినప్పుడల్లా కాఫీ అమ్మేవాళ్ళ బల్లల దగ్గర తగువులే. మైకేల్ ఎనోక్ అని ఇంకొకాయన, గిటారుతో పేరు తెచ్చుకుని తర్వాత శాక్సఫోన్ పట్టాడు. ఎంతమందికో నేర్పాడు, జనం ఆయన్ని టీచర్ అనే పిలిచేవారు.

ఇదంతా ఒక్కరోజులో పుట్టిందనుకోకండి. మ్జే చెప్పేవాడు, వాళ్ళ తాతల కాలంలో, జర్మన్లు ఏలినప్పుడే, తీరం వెంట బేనీ అనే ఆట ఉండేదిట. తెల్లవాళ్ళ మిలిటరీ బ్యాండుని చూసి వీళ్ళూ దళాలు కట్టి, హోదాలు పెట్టుకుని, మరీనీ, అరినోటీ అని రెండు పక్షాలుగా పోటీపడి ఆడేవారు. తర్వాత 1930లలో క్యూబా పాటల గ్రామఫోను రికార్డులొచ్చాయి. జీవీ అని నెంబరుండేది వాటి మీద. కాంగోలో కుర్రాళ్ళు అవి విని గిటారు మీదకి తెచ్చుకున్నారు, రుంబా అయింది. మొరొగోరో ఊళ్ళో సాలుం అబ్దల్లా తన బ్యాండుకి క్యూబన్ మరింబా అనే పేరు పెట్టుకున్నాడు. అదే ఊరివాడు మ్బరాకా మ్విన్షేహే, 1970లో జపాన్‌లో ఒసాకా ఎక్స్‌పోకి వెళ్ళి వాయించొచ్చాడు. 1979 జనవరిలో మొంబాసాలో కారు ప్రమాదంలో పోయాడు, నిండా ముప్ఫై అయిదేళ్ళు లేవు. ఆ వార్త రేడియోలో వచ్చిన వారం మా హాల్లో నేల మీదకి ఎవరూ దిగలేదు. బ్యాండు ఆయన పాటలే వాయించింది, జనం గోడ వెంట నిలబడి విన్నారు. ఆ రాత్రి కూడా శనివారం తప్పలేదు, అది గుర్తుపెట్టుకో.

మనవాళ్ళ చెయ్యీ లేకపోలేదు. అక్కడ హిందీ సినిమాలంటే ప్రాణం. తారబ్ అని తీరప్రాంతపు పెళ్ళిపాటలున్నాయి, వాటిల్లో కొందరు హిందీ సినిమా వరసలే తీసుకుని స్వాహిలీ మాటలు పెట్టి పాడేవారు. మొంబాసాలో అసానంద్ అనే మనవాళ్ళ దుకాణం ఆ తారబ్ పాటలు రికార్డు చేసి అమ్మింది. ఇటు చూస్తే మన హైదరాబాదులో ఏసీ గార్డ్స్ ఉందిగా, ఆ పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్‌దే. నిజాం సైన్యంలో గుర్రపు దళంగా ఉన్న సిద్దీలు. వాళ్ళ పిల్లల మర్ఫా మోత లేకుండా పాతబస్తీలో పెళ్ళి ఊరేగింపు కదలదు. ఆఫ్రికా సంగీతం నువ్వేదో కొత్తగా దిగుమతి చేస్తున్నానని అనుకోకు.

మీ నాయనమ్మ సంగతా? మొదట్లో, "రాత్రిపూట తాగేవాళ్ళ మధ్య మీకేం పని" అని రుసరుసలాడేది. ఓ వారం మామాకి జ్వరమొస్తే వంటపాకలో మనిషి లేక గొడవైంది. మీ నాయనమ్మ కొంగు బిగించి వెళ్ళింది. మాంసం తను ముట్టదు, అది వాళ్ళే కాల్చుకున్నారు. ఈవిడ శనగపిండి కలిపి అరటికాయ బజ్జీలు వేసింది. ఓ గంటలో మూకుడు ఖాళీ. సోమవారం నుంచి ఆఫీసులో నన్ను చూసి ఎవరూ లెక్కల సంగతి అడగలేదు, "వచ్చే శనివారం ఉంటాయా?" అనే. తర్వాత ఆవిడకీ కాంగాల గుంపులో చోటు దొరికింది, గోడ పక్కన కుర్చీ, చేతిలో సోడా. ఆడమంటే ఆడేది కాదు గాని ట్రంపెట్ తప్పు వాయిస్తే నాకంటే ముందు ఆవిడే మొహం చిట్లించేది.

ఓ రాత్రి చెమ్కో మధ్యలో కరెంటు పోయింది. గిటార్లు నోరు మూశాయి, మైకు పోయింది, చీకటి. డబ్బుపెట్టె మీద చేతులేసుక్కూచున్నాను నేను. బ్యాండు మనిషి టిక్కెట్టు డబ్బులు వెనక్కివ్వాలా అని గుసగుసగా అడిగాడు. ఇంకా జవాబు చెప్పలేదు, తుంబా ఆగలేదని గమనించాం. వాయించేవాడు అసలు ఆపనే లేదు. ఆ మీద ట్రంపెట్, దానికి కరెంటెందుకు! ఆడవాళ్ళు చప్పట్లు అందుకున్నారు, పాటగాళ్ళు నేల మీదకి దిగి జనంలో కలిసి పాడారు. మామా వంటపాకలోంచి రెండు లాంతర్లు తెచ్చి మామిడికొమ్మకి తగిలించింది. కరెంటొచ్చేసరికి అందరూ "ఆర్పండి, ఆర్పండి" అన్నారు. ఒక్కడూ టిక్కెట్టు డబ్బు అడగలేదు. సీసాల లెక్క మాత్రం చీకట్లో తేలలేదు, పొద్దున్న వెళ్ళి మామిడిచెట్టు చుట్టూ ఏరుకున్నాం.

నేను వచ్చేశాక చాలా మారింది. రెమ్మీ ఓంగాలా అని, కాంగో నుంచి 1978లో వచ్చి అక్కడివాడైపోయినవాడు, సూపర్ మతిమిలా బ్యాండు నడిపాడు. ఎయిడ్స్ వచ్చిన రోజుల్లో జాగ్రత్తపడమని చెప్తూ ఓ పాట కట్టాడు. మరీ పచ్చిగా ఉందని రేడియో వెయ్యలేదు. వెయ్యకపోతేనేం, హాల్లో పాడాడు, దేశమంతా పాకింది. ఆయన 2010లో, గురుమో 2014లో పోయారు. అక్కడ ఇప్పటి పిల్లలు వినేది బోంగో ఫ్లేవా అనే సంగీతం. కాంగో రుంబాని 2021లో యునెస్కో తన జాబితాలో చేర్చింది, మంచిదే. జాబితాలో పేరు కన్నా వారం వారం నేల తొక్కే కాళ్ళే దాన్ని అన్నాళ్ళు మోశాయని మీ తాతకి తెలుసు.

సరే, నీ సంగతి. ముందు ఆఫ్రికా పాటలు అని బోర్డు పెట్టడం మానెయ్. అది యాభై నాలుగు దేశాలు. అమాపియానో దక్షిణాఫ్రికాది, ఆఫ్రోబీట్స్ నైజీరియా వైపుది, డాన్సి నేను చెప్పిన ఊరిది. ఏ రాత్రి ఏ ఊరి పాటో చెప్పి పెట్టు. ఆ దేశాల పిల్లలు మీ ఊళ్ళో కాలేజీల్లో చదువుకుంటున్నారుగా, వాళ్ళని టిక్కెట్టు కొనేవాళ్ళలాగా చూడకుండా కమిటీలోకి తీసుకో. ఏ పాట తర్వాత ఏది పడాలో వాళ్ళ కాళ్ళకి తెలుసు. మొదటి గంట మెల్లగా పోనీ, మంచి పాటలన్నీ ముందే ఖర్చుపెట్టకు. గోడ వెంట నాలుగు కుర్చీలు వెయ్యి. వచ్చిన ఆడపిల్ల నిశ్చింతగా ఇంటికి చేరేలా గేటు దగ్గర నిదానమైన మనిషిని పెట్టు. గేటు డబ్బు వాయించేవాళ్ళకే పోనీ, వాళ్ళకి ఇవ్వాల్సింది ఆ రాత్రే ఇచ్చెయ్యి, రేపనకు.

ఇక పేరున్నవాణ్ణి పిలవాలా అని అడిగావు. వాడికిచ్చే డబ్బుతో ఆర్నెల్ల హాలు అద్దె ముందే కట్టెయ్యి. నెలలో మొదటి శనివారమంటే మొదటి శనివారమే. వాన కురిసినా, ఇండియా మ్యాచ్ ఉన్నా, మీలో మీకు పోట్లాటైనా సరే, తలుపు తెరిచి ఉండాలి. పదిమందే వస్తే ఆ పదిమందికీ నిండు హాలుకి వాయించినట్టే వాయించండి, ముందుగా మూసేసి ఇళ్ళకి పోకండి. తేదీ మారిస్తే రావడం మానేది ముందు ఆ పదిమందే. మార్చకపోతే వాళ్ళే తలో ఇద్దర్ని వెంటబెట్టుకొస్తారు. గేటు పుస్తకం రాసినవాణ్ణి, మా హాలు నిండింది ఆ లెక్కనే.